మిద్దె ఎందుకు ఉరుస్తుంది?

అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. గోదావరి జిల్లాల్లో అది వెయ్యి దాటుతుంది. అక్కడ వాలు పెంకుటిళ్లు, మన సీమలో చదును మిద్దెలు రావడానికి ఇదొక కారణం. శనక్కాయలు ఆరబోసుకోవడానికి, ఎండాకాలం రాత్రి పడుకోవడానికి చోటు దొరకడం అదనపు లాభం. పెంకు మీద పడ్డ నీరు పడ్డట్టే జారిపోతుంది. మిద్దె మాత్రం కాసేపు నీళ్లను నెత్తిన మోయాలి, లోపలికి దిగనివ్వకూడదు. సిమెంటు లేని రోజుల్లో ఉత్త మట్టితో ఇది ఎలా కుదిరింది?

చౌడు వల్ల. గోడల మీద దూలాలు, వాటిపై అడ్డంగా దంతెలు, ఆపైన కట్టెలో బండలో పరిచి మట్టి మెత్తేవారు. అన్నిటికన్నా పైన చౌడు పోసేవారు. పంట రాని, వాన నీళ్లు ఇంకక నిలిచిపోయే చౌడు నేలలో సోడియం ఎక్కువ. మంచి నేలలో బంకమట్టి రేణువులు కాల్షియం వల్ల చిన్న చిన్న ఉండలుగా అతుక్కుని ఉంటాయి, ఆ ఉండల సందుల్లోంచి నీరు దిగుతుంది. సోడియం చేరితే ఉండలు విడిపోతాయి. విడిపోయిన సన్న రేణువులు తడికి ఉబ్బి, సందుల్లో ఇరుక్కుని నీటి దారులు మూసేస్తాయి. రైతును ఏడిపించే గుణమే ఇంటికి పనికొచ్చిందన్నమాట. చౌడు పొలానికి జిప్సం వేయమనేదీ ఇందుకే. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తోసేస్తే నేల మళ్లీ నీళ్లు తాగుతుంది. పొలంలో మిగిలిందని ఆ జిప్సాన్ని మిద్దె మీద మాత్రం పోయకండి!

ఎండలకు చౌడు నెర్రెలిస్తుంది. మొదటి వానకు ఇల్లు కాస్త ఉరిసినా, మట్టి నాని ఉబ్బాక సన్న నెర్రెలు వాటంతటవే పూడుకుపోతాయి. వానకు కొంత కొట్టుకుపోతుంది కాబట్టి తొలకరికి ముందు కొత్త చౌడు వేసేవారు. చిక్కంతా ఇక్కడే. కొట్టుకుపోయినదానికన్నా వేసింది ఎక్కువైతే మిద్దె ఏటేటా బరువెక్కుతుంది. అడుగు మందం మట్టి చదరపు మీటరుకు దాదాపు అర టన్ను తూగుతుంది. కింద దూలానికి చెదలు పట్టి ఉంటే, ముసురుకు మట్టి నానిన రోజున ఇల్లు కూలుతుంది. పాత ఇళ్లంటే మురిసిపోయేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

కడప బండల మిద్దెకు చెదల భయం తక్కువ. ఈ సున్నపురాయి పొరలు పొరలుగా విడివడుతుంది, అందుకే పలకలుగా తీయడం సులువు. కానీ రాయి నొక్కుడును ఓర్చినంతగా వంపును ఓర్చదు. దూలాలు దగ్గర దగ్గరగా వేయాల్సిందే. బండల అతుకులే ఈ మిద్దెకు బలహీనత, నీరు దిగేది అక్కడే.

ఇక శ్లాబు. కాంక్రీటుకు చౌడులా ఉబ్బి పూడుకునే గుణం లేదు. వెంట్రుకంత పగులు చాలు, నీరు ఇనుప కడ్డీదాకా చేరుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, దాంతో కాంక్రీటు లోపలి నుంచే పెచ్చులూడుతుంది. కాబట్టి నీళ్లు నిలవనివ్వకపోవడమే మందు. కనీసం నూటికి ఒకటి వాలు కావాలి, అంటే 30 అడుగులకు మూడున్నర అంగుళాలు.

‘మనకు వానలెక్కడివి’ అని మిద్దె మీది నీళ్లు దిగడానికి ఒక్క పైపుతో సరిపెట్టేవాళ్లు చాలామంది. ఏడాది సగటు చూసి పైపులు వేయకూడదు, కుండపోత చూసి వేయాలి. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది కూడా ఈ తక్కువ వానల సీమలోనే. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే, వంద చదరపు మీటర్ల మిద్దె మీదికి నిమిషానికి 80 లీటర్లకు పైగా నీరు చేరుతుంది. వేపాకులు పైపు మూతికి అడ్డుపడి నాలుగంగుళాల నీళ్లు నిలిచాయంటే శ్లాబు మీద పది టన్నుల బరువు పడ్డట్టే.

రెండు మూలలా నాలుగంగుళాల పైపులు, వాటికి జాలీలు పెట్టించాలి. పిట్టగోడకు, పైపు మూతి కన్నా రెండంగుళాలు ఎత్తున, ఒక తూము కూడా ఉండాలి. దాన్ని వీధివైపే పెట్టించండి. నీళ్లు నెత్తిన పడ్డవాళ్లు వచ్చి తలుపు కొడతారు, పైపు మూసుకుపోయిందని మీకూ తెలుస్తుంది.