కొలువు పోతే క్వార్టర్ ఎవరిది?

విజయనగరం జిల్లా గరివిడి చిరునామాల్లో శ్రీరాంనగర్ అన్న పేరు తరచూ కనిపిస్తుంది. అది పాత పల్లె కాదు, మాంగనీసు రాయి కరిగించి లోహ మిశ్రమాలు చేసే ఫేకర్ కంపెనీతో పాటు పుట్టిన కాలనీ. పరిశ్రమ మూతపడిన ప్రతిసారీ ఇలాంటి కాలనీల్లో ఒకటే గొడవ. యాజమాన్యం ఇల్లు ఖాళీ చెయ్యమంటుంది, కార్మికుడు ముందు నా బకాయిలు కట్టమంటాడు.

దీని మూలం మాంగనీసులో ఉంది. దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ విజయనగరం ప్రాంతంలోనే. దశాబ్దాల పాటు ఆ రాయి రాయిగానే ఓడలెక్కి పోయింది. ఇక్కడే కరిగించాలంటే బోలెడు కరెంటు కావాలి. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో వచ్చింది, ఫేకర్ కంపెనీ ఏర్పడిందీ ఆ ఏడాదే. ఫర్నేస్‌ను రాత్రి ఆర్పి పొద్దున్నే మళ్లీ వెలిగించడం కుదరదు. మూడు షిఫ్టులూ మనుషులు ఉండాలి, అర్ధరాత్రి డ్యూటీ దిగినవాడు ఏ బస్సెక్కి వెళ్తాడు? అందుకే గేటు దగ్గర్లోనే ఇళ్లు కట్టారు.

చట్టం మాత్రం ఇల్లు కట్టి తీరాలని ఎప్పుడూ అనలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం క్యాంటీన్ గురించి చెప్పింది, పిల్లల సంరక్షణ గది గురించి చెప్పింది, ఇంటి ఊసెత్తలేదు. తేయాకు తోటల వాళ్లకు మాత్రం 1951 చట్టంతో ఆ హక్కు దక్కింది. 1952లో కేంద్రం పారిశ్రామిక గృహాలకు రాయితీ పథకం పెట్టింది కానీ, అది ప్రోత్సాహమే తప్ప నిర్బంధం కాదు. కాబట్టి మన దగ్గర క్వార్టర్ అంటే కొలువుతో పాటు వచ్చేది, కొలువుతో పాటే పోయేది.

అదే జిల్లాలోని నెల్లిమర్ల దారి వేరు. చుట్టూ గోగు పండే నేల, చెరువుల్లో ఊరబెట్టి తీసిన నార, దాని మీద నడిచే జూట్ మిల్లు. లాకౌట్లు అక్కడ కొత్త కాదు. 1994 ఆందోళనలో పోలీసు కాల్పులకు కార్మికులు బలయ్యారు. మిల్లు ఆగితే ముందు ఆగేది జీతం, ఆ తర్వాతే ఇంటి సంగతి.

1956 కంపెనీల చట్టం 630వ సెక్షన్ కంపెనీ ఆస్తిని అట్టిపెట్టుకున్న ఉద్యోగిని శిక్షించమంది. అది కొలువు పోయినవాడికీ వర్తిస్తుందని 1987లో సుప్రీంకోర్టు తేల్చింది. గడువులోగా ఖాళీ చెయ్యమన్న కోర్టు ఉత్తర్వును కాదంటే రెండేళ్ల దాకా జైలు. కార్మికుడికి కంపెనీ ఎంత బాకీ ఉందో ఆ సెక్షన్ అడగలేదు. అసలు లోపం ఇదే అని నా అభిప్రాయం.

దాని స్థానంలో వచ్చిన 2013 కంపెనీల చట్టం 452వ సెక్షన్‌కు 2020లో చేసిన సవరణ దీన్ని కొంత సరిదిద్దింది. పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ, ప్రమాద పరిహారం బాకీ ఉంటే ఇంటి కోసం జైలుకు పంపకూడదంది. ఖాళీ చేయించడాన్ని మాత్రం ఆపలేదు. నెలల తరబడి ఆగిన జీతాలు ఆ జాబితాలోనే లేవు. కంపెనీ దివాలా తీసి ఆస్తులు అమ్మకానికొస్తే 2016 దివాలా చట్టం ప్రకారం 24 నెలల కార్మిక బకాయిలకు బ్యాంకులతో సమాన హోదా ఉంటుంది. అమ్మే ఆస్తుల్లో ఆ క్వార్టర్లూ ఉంటాయి.