డిపోర్టేషన్ నోటీసు: మన ఇళ్లలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

అమెరికాలో పిల్లాడికి నోటీసు వచ్చిందని గాజువాక నుంచో ఎంవీపీ కాలనీ నుంచో అమ్మానాన్నలు నా దగ్గరకు వచ్చేసరికే పది మంది పది సలహాలు ఇచ్చేసి ఉంటారు. నేను అక్కడి కోర్టులో వాదించను, విశాఖలో కాగితాలు సిద్ధం చేసి అక్కడి లాయర్లకు పంపే లాయర్ని. రోజూ వినే మాటలే ఇవి.

అపోహ: నోటీసు వచ్చిందంటే ఇక విమానం ఎక్కించేస్తారు.

వాస్తవం: నోటీస్ టు అప్పియర్ అంటే ఇమిగ్రేషన్ జడ్జి ముందు కేసు మొదలైందని అర్థం, తీర్పు ఇంకా రాలేదు. అక్కడ ఉండటానికో, తిరిగి రావడానికో ఏ దారి అడగాలో అక్కడే తేలుతుంది.

అపోహ: కోర్టుకు వెళ్తే పట్టుకుంటారు, వేరే స్టేట్‌కు మారిపోతే సరి.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే సలహా ఇదే. భయం ఉత్తిది కాదు, 2025లో కోర్టుల దగ్గర అరెస్టులు జరిగాయి. కానీ వాయిదాకు వెళ్లకపోతే జడ్జి మనిషి లేకుండానే పంపేయమని ఆర్డర్ ఇవ్వొచ్చు, ఆ తర్వాత చాలా దారులు ఏళ్ల తరబడి మూసుకుపోతాయి. వీడియోలో హాజరు కానివ్వమని లాయర్ ద్వారా ముందే అడగొచ్చు. ఇల్లు మారితే 5 రోజుల్లో కోర్టుకు చెప్పాలి, లేదంటే తర్వాతి నోటీసు పాత అడ్రస్‌కు పోతుంది. అసలు నోటీసే అందలేదని చూపించగలిగితే కేసు మళ్లీ తెరవమని ఎప్పుడైనా అడగొచ్చు, ఒంట్లో బాగా సీరియస్ అయి వెళ్లలేకపోతే మాత్రం 180 రోజుల్లోపే అడగాలి.

అపోహ: అసైలం, అంటే సొంత దేశంలో ప్రాణభయం ఉందని ఆశ్రయం అడిగే దరఖాస్తు, వేసేస్తే వర్క్ పర్మిట్ వస్తుంది, కథ ఎవరో ఒకరు రాసిస్తారు.

వాస్తవం: దయచేసి ఈ పని చేయించకండి. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గం, ఈ అయిదింటిలో ఒక కారణంగా నిజంగా హింస భయం ఉండాలి, మామూలుగా అమెరికా చేరిన ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి. ఇక్కడ అప్పులున్నాయనడం సరిపోదు. కావాలని కల్పించిన కథ అని జడ్జి తేలిస్తే ఇమిగ్రేషన్ ప్రయోజనాలు దాదాపు అన్నీ శాశ్వతంగా పోతాయి. భయం నిజమైతే మాత్రం ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు, చూసినవాళ్ల అఫిడవిట్లు ఇక్కడి నుంచి మనమే పంపాలి, కేసుకు బలం వాటితోనే.

అపోహ: పదేళ్లుంటే గ్రీన్‌కార్డు ఇచ్చేస్తారు.

వాస్తవం: పదేళ్లు ఒక షరతు మాత్రమే. మంచి నడవడిక ఉండాలి, సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు ఉన్న భార్యకో, భర్తకో, పిల్లలకో, తల్లిదండ్రులకో మామూలు స్థాయిని మించిన కష్టం వస్తుందని రుజువు చేయాలి, ఏడాదికి 4,000 మందికే ఇస్తారు.

అపోహ: వీసా ఇప్పించిన కన్సల్టెన్సీయే కేసూ చూసుకుంటుంది.

వాస్తవం: ద్వారకానగర్ కన్సల్టెన్సీకి అక్కడి కోర్టులో నిలబడే అధికారం లేదు. లాయర్‌ను ప్రభుత్వం పెట్టదు, మన ఖర్చుతో మనమే పెట్టుకోవాలి, ఆ లాయర్‌కు లైసెన్స్ ఉందో లేదో స్టేట్ బార్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

అపోహ: తనంతట తాను వచ్చేసినా డిపోర్ట్ అయినట్టే, పరువు పోయినట్టే.

వాస్తవం: జడ్జి అనుమతితో వాలంటరీ డిపార్చర్ తీసుకుంటే డిపోర్టేషన్ ఆర్డర్ పడదు. కేసు ముగియకముందే అడిగితే 120 రోజుల దాకా, చివర్లో అడిగితే 60 రోజుల దాకా గడువిస్తారు. గడువు దాటితే జరిమానా, పైగా పదేళ్ల పాటు చాలా దారులు బంద్. ఏ దారీ లేని పిల్లలకు ఇది మర్యాదైన దారే, ఇంటికొచ్చిన పిల్లాణ్ని చుట్టాల ముందు దోషిగా నిలబెట్టకండి.

ఈ రాత్రే ఒక పని చేయండి. నోటీసు మీద ఇంగ్లీషు 'A' అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది, పిల్లాడికి ఫోన్ చేసి కనుక్కుని రాసి పెట్టుకోండి. దానితో వాయిదా తేదీని ఇమిగ్రేషన్ కోర్టు వెబ్‌సైట్‌లో విశాఖలో కూర్చునే చూడొచ్చు, నిర్బంధంలో ఉంటే ఎక్కడ ఉంచారో కూడా దానితోనే వెతకొచ్చు.