పాద్రీ సాబ్‌కి అక్కడేం పని? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ ఎవరో ఒకరు అడుగుతారు: "అయ్యగారూ, మిలిటరీలో పాస్టరుకి ఏం పనండీ?" బెంగళూరులో మాది అద్దె హాల్లో నడిచే తెలుగు క్రైస్తవ సంఘం. మేస్త్రీ పనికొచ్చిన అనంతపురం వాళ్లు, సాఫ్ట్‌వేర్‌లో చేసే గుంటూరు పిల్లలు ఒకే చాప మీద కూర్చుంటారు. ఇక్కడికి రాకముందు నేను సైన్యంలో పాద్రీని. చెప్పులు దొరికేలోపు అయిపోయే జవాబు కాదు కాబట్టి రాస్తున్నాను.

అపోహ: పాద్రీ జవాన్లను క్రైస్తవుల్లో కలిపేస్తాడు.

ఈ మాట బంధువుల పెళ్లిళ్లలో ఎక్కువగా వింటాను. సైన్యంలో మమ్మల్ని ధర్మగురువులంటారు. పండిట్, గ్రంథి (సిక్కుల గురువు), మౌల్వీ, పాద్రీ, లద్దాఖ్ స్కౌట్స్ అనే రెజిమెంటుకి బౌద్ధ భిక్షువు కూడా ఉంటారు. ఉన్న విశ్వాసంలో జవానుకి తోడుండడమే మా పని, కొత్త విశ్వాసం అంటగట్టడం కాదు. శిక్షణ పుణెలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నేషనల్ ఇంటిగ్రేషన్‌లో ఇస్తారు. అన్ని మతాల గురువులూ అక్కడ కలిసే నేర్చుకుంటారు. చాలా యూనిట్లలో సర్వధర్మ స్థల్ ఉంటుంది, అన్ని ప్రార్థనలూ ఒకే కప్పు కింద. క్రిస్మస్‌కి నేను నక్షత్రం కడుతుంటే నిచ్చెన పట్టుకున్నది మా పండిట్‌జీ. జన్మాష్టమికి ఆయన ఉట్టి కడుతుంటే పట్టుకున్నది నేను.

అపోహ: పాద్రీ అంటే పెద్ద ఆఫీసరు.

హాలీవుడ్ సినిమాల పుణ్యం. అమెరికాలో చాప్లెయిన్, అంటే అక్కడి సైన్యంలో మతగురువు, కమిషన్డ్ ఆఫీసరే. మన సైన్యంలో మాత్రం నాయబ్ సుబేదార్‌గా చేరతాం, అంటే జేసీవో, జవానుకి పైన, ఆఫీసరుకి కింద ఉండే హోదా. నన్నడిగితే అదే మేలు. ఆఫీసరు గది తలుపు తట్టడానికి జంకే కుర్రాడు, సుబేదారు పక్కన బెంచీ మీద కూలబడి ఏడుస్తాడు.

అపోహ: వారానికో ప్రసంగం, పండక్కో ప్రార్థన. మిగతాదంతా ఖాళీయే.

భర్తీ ప్రకటనలోనే విధులు రాసి ఉంటాయి: అంత్యక్రియలకు హాజరవడం, ఆసుపత్రిలో రోగులను పలకరించడం, కోలుకుంటున్నవాళ్లతో కలిసి ప్రార్థించడం, శిక్ష అనుభవిస్తున్న సైనికులను కలవడం, పిల్లలకు మతబోధ. ప్రసంగం ఇందులో ఒక ముక్క. నా దగ్గరకు వచ్చినవాళ్లలో దేవుడి గురించి అడిగినవాళ్లు తక్కువ. పొలం గట్టు తగాదా, బావమరిదికిచ్చిన అప్పు, అమ్మకీ ఆలికీ పడకపోవడం, ఇవే ఎక్కువ. పరిష్కారం నా చేతిలో ఉండదు. టీ మాత్రం ఉంటుంది.

ఒకసారి మిలిటరీ ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేసిన కుర్రాడి దగ్గరకు వెళ్లాను. హిందీలో పలకరించాను. నా యాస పట్టేసి "మీది తెలుగేనా అండి?" అన్నాడు. శ్రీకాకుళం వాడు, హిందువు. బైబిల్లో 23వ కీర్తన దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను, అడిగితే చదువుదామని. వాడు అడగలేదు. "అయ్యా, లేని కాలు దురద పెడతందండి" అన్నాడు. ఎక్కడని అడిగాను. "బొటనవేలి సందున." దుప్పటి అక్కడ చదునుగా ఉంది. వేలు తీసేసి పుస్తకం మూసేశాను. దురద తగ్గిందనేదాకా వాళ్ల ఊరి జీడితోటల గురించి మాట్లాడుకున్నాం. ఆ రోజు ప్రార్థన చేయలేదు. చేసి ఉండాల్సిందని కొందరు తోటి పాస్టర్లు అన్నారు. నేనలా అనుకోను.

అపోహ: పట్టుబడితే పాద్రీ కూడా యుద్ధఖైదీయే.

కాదు. 1949 నాటి మొదటి జెనీవా ఒప్పందం 24వ అధికరణ సైన్యంతో ఉండే మతగురువులను గౌరవించాలి, కాపాడాలి అంటుంది. శత్రువు చేతికి చిక్కినా వాళ్లు యుద్ధఖైదీల లెక్కలోకి రారని 28వ అధికరణ. అవసరమైతే ఖైదీల సేవ కోసం అక్కడే ఉంచుకోవచ్చు, అంతే.

అపోహ: మిలిటరీలో చేసినవాడికి సంఘం నడపడం నల్లేరు మీద నడక.

అక్కడ 7 గంటలంటే 7. ఇక్కడ 10 గంటల ఆరాధనకు మొదటి కీర్తన అందుకునేసరికి 10:40. మొదటి ఏడాది గేటు దగ్గర నిలబడి ఆలస్యంగా వచ్చేవాళ్లకు గడియారం చూపించేవాణ్ణి. ఒక సంఘపెద్ద పక్కకు పిలిచి, "అయ్యగారూ, వాళ్లు రాత్రంతా స్లాబు పోసి, స్నానం చేసి వస్తున్నారండీ" అన్నారు. అప్పట్నుంచి గడియారం జేబులోనే ఉంటోంది.

అసలు తేడా జీతంలో ఉంది. అక్కడ సర్కారు జీతం, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఇక్కడ కానుకలే జీతం. ఇంతకుముందు చేసిన ఒక సంఘంలో కమిటీ రెండుగా చీలింది. పండక్కి ముందు ఎవరింటికి వెళ్లి ప్రార్థన చేశానో రెండు వర్గాలూ లెక్క రాసుకున్నాయి. సరిహద్దులో కూడా అంత జాగ్రత్తగా అడుగులేయలేదు నేను.

అపోహ: బైబిలు కాలేజీ పట్టా ఉంటే పాద్రీ అయిపోవచ్చు.

సొంతంగా సంఘం పెట్టుకున్న తమ్ముళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. ఏదైనా డిగ్రీ ఉండాలి, గురుత్వాభిషేకం (సంఘం అధికారికంగా గురువుగా అభిషేకించడం) పొంది ఉండాలి, స్థానిక బిషప్పు ఆమోదించిన జాబితాలో పేరుండాలి. రాత పరీక్ష, ఇంటర్వ్యూ వేరే. వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది పరుగు: 1600 మీటర్లు 8 నిమిషాల్లో. మొదటిసారి సొంతంగా గడియారం పెట్టుకుని పరుగెత్తితే 10 దాటింది. బిషప్పుగారి ఉత్తరం కోసం తిరగడం తర్వాత, ముందు మంచి బూట్లు కొనుక్కోండి. ఉల్సూరు చెరువు పక్కన తెల్లవారుజామున 5 గంటలకు జనం తక్కువ.