ఎర్ర ఏల్, కాకరకాయ, మన బోరు నీళ్లు

దేవరకొండ నుంచి ఒక కుర్రాడు రాశాడు: “సార్, గచ్చిబౌలిల దోస్తులు రెడ్ ఏల్ అని ఒకటి తాగిపిచ్చిన్రు. రంగు మస్తుగుంది. నోట్లె పోసుకోంగనే కాకరకాయ నమిలినట్టయింది. అండ్ల ఏమన్న కలిపిన్రా? చేదు ఎక్కువుంటే కిక్కు గూడ ఎక్కువనా?”

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, అది చిన్నది. ఎక్కువ కాదు తమ్మీ. మన ఊళ్లలో వైన్స్‌లో దొరికే స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 7, 8 శాతం దాకా ఉంటుంది, చేదు మాత్రం పేరుకే. రెడ్ ఏల్ కూడా ఒక రకం బీరే, ఎర్ర రంగుది. నువ్వు తాగిన హాపీ (అంటే హాప్స్ అనే చేదు పూలు దండిగా వేసిన) రెడ్ ఏల్‌లో ఆల్కహాల్ మామూలుగా అంతకంటే తక్కువే, 6 శాతం అటూ ఇటూ. చేదు చూస్తే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఆల్కహాల్ ఈస్ట్ చేసే పని, చేదు హాప్స్ చేసే పని. ఒకదానితో ఒకదానికి లెక్క కుదరదు.

“ఏమన్న కలిపిన్రా” అన్న అనుమానం మాత్రం మన పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఊరికే రాలేదు. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రజోలం పట్టుబడటం, ఆ కల్లు ఒక్కసారిగా బంద్ అయితే మనుషులు వణుకుతూ, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రికి రావడం మనం చూసిందే. కానీ ఒక సంగతి గమనించు. ఆ మందులు చేదు. అది తెలియకుండా ఉండటానికే కల్తీ చేసేవాడు సాక్రిన్ వేస్తాడు. మోసం చేసేవాడు చేదును దాచిపెడతాడు, ఏల్ చేసేవాడు డబ్బు పోసి కొనుక్కొచ్చి మరీ చేదు వేస్తాడు.

మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. దాని చక్కెరను ఈస్ట్ ఎట్లా పులియబెడుతుంది అన్నది బడి పుస్తకాల్లోనే ఉంది, వదిలేస్తున్నాను. నాకు ఆసక్తి హాప్స్ మీద. ఇది చల్లటి దేశాల్లో పెరిగే తీగ. మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో పండిస్తారు. ఆడ తీగకు కాసే పూగుత్తుల్లో పసుప్పచ్చటి జిగురు పొడి ఉంటుంది, సరుకంతా అందులోనే. వృక్షశాస్త్రం ప్రకారం హాప్స్‌దీ గంజాయిదీ ఒకే కుటుంబం. ఈ ముక్క విని “బీరులో గంజాయి కలుపుతారట” అని ప్రచారం చేసేవాళ్లున్నారు. గంజాయిలో మత్తెక్కించే పదార్థం హాప్స్‌లో లేదు. చుట్టరికం ఒక్కటే ఉంది.

ఆ పసుపు పొడిలో ఆల్ఫా ఆమ్లాలు ఉంటాయి. హ్యూములోన్, కోహ్యూములోన్, అడ్‌హ్యూములోన్ అని మూడు ముఖ్యమైనవి. పచ్చిగా ఉన్నప్పుడు ఇవి నీళ్లలో సరిగా కరగవు, పెద్ద చేదు కూడా కాదు. మాల్ట్ రసంలో వేసి గంటసేపు మరిగిస్తే అణువులోని ఆరు కార్బన్ల వలయం కుంచించుకుపోయి ఐదు కార్బన్ల వలయం అవుతుంది. అదే ఐసో ఆల్ఫా ఆమ్లం, అదే అసలు చేదు. ఒక లీటరులో ఇది సుమారు 1 మిల్లీగ్రాము ఉంటే ఒక ఐబీయూ అంటారు, చేదుకు కొలమానం అది. మామూలు లాగర్‌లో (వైన్స్‌లో ఎక్కువగా దొరికే బీరు ఇదే) 10 నుంచి 20 ఐబీయూ, హాపీ రెడ్ ఏల్‌లో 40 నుంచి 70 దాకా ఉంటాయి. వాసనకు కారణమైన నూనెలు ఇందుకు సరిగ్గా ఉల్టా. మిర్సీన్, లినలూల్ లాంటివి మరిగిస్తే ఆవిరితో పాటే ఎగిరిపోతాయి. అందుకే చేదు కోసం హాప్స్‌ను మరుగు మొదట్లో, వాసన కోసం మరుగు చివర్లో వేస్తారు. పులిసిన తర్వాత చల్లగా ఉన్నప్పుడు ఇంకో విడత వేస్తారు. “హాపీ” అని పేరు పెట్టుకున్న ఏల్‌లో ఈ చివరి విడతే ఎక్కువ. బత్తాయి తొక్క, మామిడి, దేవదారు చెక్క లాంటి వాసనలు అక్కడి నుంచి వచ్చేవే.

ఇప్పుడు కాకరకాయ దగ్గరికి వద్దాం. పోలిక ఆ కుర్రాడిదే, కానీ అతను అనుకున్నదాని కంటే చాలా దూరం పోతుంది.

ఇంట్లో కాకరకాయను ఏం చేస్తారు? చక్రాల్లా తరిగి, ఉప్పు రాసి, కాసేపు ఉంచి పిండుతారు. ఆకుపచ్చ నీళ్లు దిగుతాయి. ఆ తర్వాత చింతపండు పులుసులో బెల్లం వేసి ఉడికిస్తారు. ఉప్పు చేదును బయటికి లాగేసిందనుకుంటాం. కొంత నిజమే. కానీ పిండకుండా వండినా ఉప్పు సరిగ్గా పడితే చేదు తగ్గినట్టే ఉంటుంది. ఎందుకంటే సోడియం నాలుక మీదే చేదు సంకేతానికి అడ్డు తగులుతుంది. బెల్లం దారి వేరు. 1985లో క్రోజె, బార్టోషుక్ అనే ఇద్దరు ఒక తమాషా ప్రయోగం చేశారు. చేదునూ దాన్ని అణిచే రుచినీ కలిపి నాలుకకు ఒకే పక్క పెట్టి చూశారు, తర్వాత చేదును ఒక పక్క, రెండోదాన్ని ఇంకో పక్క పెట్టి చూశారు. ఉప్పు విషయంలో రెండూ ఒకేచోట ఉంటేనే చేదు బాగా తగ్గింది. అంటే పని జరిగేది నాలుక మీద. చక్కెర విషయంలో వేర్వేరు పక్కల పెట్టినా చేదు తగ్గింది. నాలుక రెండు పక్కల నుంచీ వచ్చే కబురు కలిసేది మెదడులోనే కదా. అంటే బెల్లం కాకరకాయ చేదును ఏమీ చేయదు. చేదు అంతా అక్కడే ఉంటుంది, మెదడు దాన్ని తక్కువగా లెక్క కడుతుంది.

ఎర్ర ఏల్ మొత్తం ఈ బెల్లం లెక్క మీదే నిలబడింది. ఎరుపుకు కారణం క్రిస్టల్ మాల్ట్. తడిగా ఉన్న మొలకధాన్యాన్ని వేడి చేస్తే గింజ లోపలి పిండి చక్కెరగా మారి, ఆ చక్కెర పాకం పట్టి, ఎండినప్పుడు అద్దంలా గట్టిపడుతుంది. అందులో చాలా భాగాన్ని ఈస్ట్ తినలేదు, ఏల్‌లో మిగిలిపోతుంది. దానికి తోడు పాకం వాసన. చక్కెర లేకపోయినా ఆ వాసన ఒక్కటే తీపి భ్రమ కలిగిస్తుంది, బెల్లం పాకం వాసన తగిలితే నోట్లో తియ్యగా అయినట్టు.

దీన్ని పరీక్షించడం చాలా సులువు. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగి చూడు. పాకం మాయమవుతుంది, బత్తాయి తొక్క మాయమవుతుంది, బోడి చేదు, కాస్త పులుపు మిగులుతాయి. గుక్క మింగాక ముక్కు వదులు. గొంతు వెనక నుంచి గాలి ముక్కులోకి వెళ్లగానే పాకం తిరిగొస్తుంది, చేదు ఒక మెట్టు దిగుతుంది. గ్లాసులో ఏమీ మారలేదు. రుచి చూడటం నేర్చుకోవాలనుకునే వాళ్లకు నేను చెప్పే మొదటి పాఠం ఇదే. దీనికి బీరే అక్కర్లేదు, బెల్లం వేసిన కాకరకాయ పులుసు ఒక చెంచా చాలు.

ఇంకో చిక్కు కాలం. తీపి తొందరగా ఎక్కి తొందరగా దిగుతుంది. చేదు నిదానంగా ఎక్కుతుంది, దిగడానికి ఒక నిమిషం పైనే పడుతుంది. కాకరకాయ కూరతో తిన్నాక మజ్జిగ తాగినా చేదుగా ఉండేది ఇందుకే. ఏల్ మొదటి గుక్క చేదు పూర్తిగా దిగక ముందే రెండో గుక్క వస్తుంది, దాని మీద మూడోది. తీపి ఎప్పటికప్పుడు కొత్తగా మొదలవుతుంది, చేదు మాత్రం పేరుకుంటూ పోతుంది. కాబట్టి మొదటి గుక్కకే తీర్పు చెప్పకూడదు. నాలుగో గుక్క దగ్గర కూడా పాకం చేదుతో సమానంగా నిలబడితే అది బాగా చేసిన ఎర్ర ఏల్. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు, ఏల్‌ను మింగాలంటారు. నాలుక వెనక భాగంలో, అంగిట్లో, గొంతు మొదట్లో కూడా రుచి మొగ్గలు ఉన్నాయి మరి. అయితే “చేదు నాలుక వెనకే తెలుస్తుంది” అని పిల్లలకు బొమ్మ గీసి చెప్తున్నారే, అది తప్పు. 1901లో హేనిగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చిన్న చిన్న తేడాలు కొలిచి రాస్తే, తర్వాతి వాళ్లు వాటిని పెంచి పటం చేసేశారు. నాలుక మీద రుచి మొగ్గలున్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. ఆ పటం ఇంకా గైడ్లలో అచ్చవుతూనే ఉంది.

మన కుర్రాడికి అంత చేదు ఎందుకు తగిలిందో ఇప్పుడు ఊహించగలను. చిల్డ్‌గా తాగి ఉంటాడు. రుచి కణాల్లో టీఆర్‌పీఎం5 అనే ద్వారం ఉంటుంది, అది వెచ్చగా ఉంటే ఎక్కువగా, చల్లగా ఉంటే తక్కువగా తెరుచుకుంటుంది. తీపి మీద దీని ప్రభావం బాగా కనిపిస్తుంది. ఐస్‌క్రీమ్ కరిగిపోయాక మొహం మొత్తేంత తియ్యగా ఉండేది అందుకే. మంచులాంటి ఏల్‌లో తీపి ముడుచుకుపోతుంది, పాకం వాసన లేవదు, చేదుకు అడ్డుండేవాళ్లు లేరు. పులుసులో బెల్లం వేయడం మరిచిపోయినట్టే. ఫ్రిజ్‌లోంచి తీసి 10 డిగ్రీలకు వచ్చేదాకా ఆగితే అదే గ్లాసు వేరేగా ఉంటుంది. పక్కన పల్లీలు పెట్టుకుంటే ఇంకా మంచిది. పాలమూరు, వనపర్తి చేలల్లో పండేదే. ఉప్పు వేసి వేయించాలి, ఉప్పు పని ఏంటో పైన చెప్పాను.

చేదు, వగరు ఒకటి కావు. మింగాక నాలుక ఎండిపోయి, పళ్ల మీద గరుకుగా ఉంటే అది వగరు, మాల్ట్ పొట్టులోంచి దిగిన టానిన్ పని. ఎర్ర ఏల్‌లో అది లోపం కిందే లెక్క. “చేదు రక్తాన్ని శుద్ధి చేస్తుంది”, “ఎర్రటిది తాగితే రక్తం పడుతుంది” అనేవాళ్లకు ఈ గ్లాసు రెండు రకాలా పనికొచ్చేలా ఉంది గానీ, రెండూ ఉత్త మాటలే. ఆల్కహాల్‌ను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే రుజువైన వాటిలో, పెట్టారు, తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు.

రంగు సంగతి. ఏల్‌లో ఎర్ర రంగు పదార్థమంటూ ఏదీ లేదు. క్రిస్టల్ మాల్ట్‌లోని గోధుమ రంగు పదార్థాలు నీలి కాంతిని బాగా మింగేస్తాయి, ఎర్ర కాంతిని చాలావరకు వదిలేస్తాయి. 430 నానోమీటర్ల కాంతిని ఒక సెంటీమీటరు మందం ఏల్ గుండా పంపి, శోషణను 12.7తో గుణిస్తే వచ్చేది ఎస్ఆర్ఎం, బీరు రంగుకు కొలమానం. ఎస్ఆర్ఎం 14 అనుకుంటే శోషణ 1.1. అంటే ఒక సెంటీమీటరు దాటేసరికి ఆ నీలి కాంతిలో 8 శాతమే మిగులుతుంది, ఆరు సెంటీమీటర్ల గ్లాసులో అయితే కోటికి రెండు మూడు పాళ్లు. అంత లోతు దాటి బయటపడేది ఎరుపే. గ్లాసు వంచి చూడు, పలచటి అంచు దగ్గర తేనె రంగు, మధ్యలో ఎరుపు. మందం పెరిగే కొద్దీ కాంతి ఇట్లా తగ్గుతుందనేదే బీర్–లాంబర్ట్ సూత్రం. ఈ పేరు చెప్పగానే క్లాసులో వెనక బెంచీ నుంచి నవ్వులు వచ్చేవి. ఆయన పేరు ఆగస్ట్ బీర్, తాగే బీరుతో సంబంధం లేదు. అయినా ఈ ఉదాహరణతో చెప్పిన ఏడాది పిల్లలు సూత్రం మరిచిపోలేదు.

హాప్స్‌కు రుచి కాక ఇంకో పని ఉంది. పొద్దున చెట్టు మీంచి దించిన తాటి కల్లు సాయంత్రానికి పులిసిపోతుంది, లాక్టిక్ ఆమ్లం చేసే బ్యాక్టీరియా పని. నీరా పులవకుండా లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నం ఈస్ట్‌నూ బ్యాక్టీరియానూ రెంటినీ ఆపేస్తుంది. హాప్ ఆమ్లాలు అట్లా కాదు, లాక్టిక్ బ్యాక్టీరియా పొరలోంచి ప్రోటాన్లను లోపలికి మోసుకెళ్లి దాని ఊపిరి తీస్తాయి, ఈస్ట్ జోలికి పోవు. గ్లాసు గోడకు అల్లికలా అంటుకునే నురగ కూడా ఈ ఆమ్లాలు, మాల్ట్ ప్రోటీన్లు కలిసి కట్టేదే. గ్లాసుకు నూనె చేతులు తగిలితే ఆ నురగ నిలవదు.

చివరగా నీళ్లు. నల్లగొండలో పుట్టినవాడు నీళ్ల మాట ఎత్తకుండా ఉండలేడు. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకుంది? గ్రానైట్ రాళ్లలో ఉంది కాబట్టి అంటారు. అది సగం జవాబు. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగున పేరుకుంటుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు సాధారణంగా బైకార్బనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న నీళ్లు. ఏల్ చేసేవాడికి కావలసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. కాల్షియం మాల్ట్‌లోని ఫాస్ఫేట్‌తో కలిసి ఆమ్లాన్ని విడుదల చేసి మాల్ట్ రసం పీహెచ్‌ను 5.2 – 5.6 మధ్యకు దించుతుంది, బైకార్బనేట్ దాన్ని పైకి లాగుతుంది. పీహెచ్ పైన ఉంటే పొట్టులోంచి టానిన్ దిగుతుంది, హాప్స్ చేదు మొరటుగా తేలుతుంది. వేయించిన మాల్ట్‌లకు సొంతంగా ఆమ్లగుణం ఉంది కాబట్టి ఇలాంటి నీళ్లను తెల్ల ఏల్ కంటే ఎర్ర ఏల్ కాస్త బాగా ఓర్చుకుంటుంది.

అట్లాగని బోరు నీళ్లు వాడటానికి లేదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మన జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించుతారు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన పద్ధతి అది. తాగడానికి అది ఉపయోగపడింది గానీ, ఏల్‌కు కావలసిన లవణాల పొందిక దానితో రాదు. అందుకని ఆర్‌ఓ నీళ్లు తీసుకుని కొలత ప్రకారం జిప్సం, కాల్షియం క్లోరైడ్ కలుపుకోవడమే దారి. జిప్సంలోని సల్ఫేట్ చేదును పొడిగా, పదునుగా చేస్తుంది, క్లోరైడ్ పాకాన్ని నిండుగా చూపిస్తుంది. ఇంగ్లండ్‌లో బర్టన్ ఆన్ ట్రెంట్ ఊరి ఏల్స్‌కు అంత పేరు రావడానికి అక్కడి బావి నీళ్లలోని జిప్సమే కారణం. హాపీ రెడ్ ఏల్‌కు ఈ రెండు లవణాలూ కావాలి, సల్ఫేట్ కొంచెం ఎక్కువగా. మరీ ఎక్కువైతే మళ్లీ ఉత్త కాకరకాయే.