నలభై దాటాక గాత్ర సాధన, పారితోషికం వచ్చే పాట: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగ బాధ్యతలు, పిల్లల చదువులు ఒక కొలిక్కి వచ్చిన తరువాత సంగీతం మొదలుపెట్టేవారికి నేను గాత్రం నేర్పుతున్నాను. వారిని వెనక్కి లాగేవి చాలావరకు గొంతు గురించి ఇతరులు చెప్పిన మాటలే కనుక, తరచుగా వినిపించే కొన్నింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

అపోహ: నలభై దాటితే గొంతు లొంగదు.

వాస్తవం: గొంతులో ధ్వని పుట్టించే స్వరతంత్రులు కండరమూ పొరలూ కలిసిన నిర్మాణం, క్రమమైన సాధనకు అవి ఏ వయసులోనైనా స్పందిస్తాయి. అయితే వయసు తెచ్చే మార్పులను కాదనలేము. ఋతుక్రమం ఆగిన తరువాత చాలామంది స్త్రీల గొంతు కొంత దిగుతుంది. అరవై దాటాక తంత్రులు పలచబడి, పూర్తిగా దగ్గరకు రాక, గాలి వృథాగా పోవడం వల్ల దీర్ఘమైన పంక్తి మధ్యలోనే ఊపిరి చాలకపోవచ్చు. దీనికి మొదటి మార్గం శ్రుతిని, అంటే పాటకు ఆధారంగా పెట్టుకొనే స స్థాయిని, సరిచూసుకోవడం. ఒకప్పుడు అయిదున్నర శ్రుతిలో పాడిన స్త్రీ అయిదుకో, నాలుగున్నరకో దిగితే అదే కీర్తన హాయిగా పలుకుతుంది. దానిని లోటుగా భావించి పాత శ్రుతినే పట్టుకొని, తారస్థాయిలో (పై స్వరాలలో) మెడ నరాలు బిగించి పాడేవారికే గొంతు దెబ్బతింటుంది. కర్ణాటక సంగీత గాయకుడు సెమ్మంగుడి శ్రీనివాసయ్యర్ (1908-2003) తొంభై దాటాక కూడా కచేరీ చేశారు. ఆయన బాల్యం నుంచి సాధన చేసినవారు కనుక కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ ఉదాహరణ పూర్తిగా వర్తించదు, కానీ ఆ వయసులోనూ తంత్రులు పలుకుతాయనడానికి అది నిదర్శనం.

నా అనుభవంలో పెద్దవారికి నిజంగా కష్టమయ్యేవి రెండు: మూడవ కాలంలో, అంటే సాధనలోని అతి వేగమైన నడకలో, వేగం; గమకంలో, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడంలో, నిగ్రహం. సాహిత్యాన్ని అర్థం చేసుకొని, పదం విరగకుండా ఊపిరి తీసుకోవడంలో మాత్రం వారు పిల్లల కంటే ముందుంటారు.

అపోహ: సరళీ స్వరాలు (మొట్టమొదట నేర్పే స్వర అభ్యాసాలు) పిల్లలకు, పెద్దవారు నేరుగా పాటలు నేర్చుకోవచ్చు.

వాస్తవం: పాట మాత్రమే నేర్చుకుంటే ఆ ఒక్క పాటే వస్తుంది. సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో పూర్వాంగం (స నుంచి మ వరకు), ఉత్తరాంగం (ప నుంచి పై స వరకు) ఒకే కొలతలో ఉంటాయి: స నుంచి రి దగ్గర, రి నుంచి గ దూరం, గ నుంచి మ మళ్ళీ దగ్గర, ప, ద, ని, పై స మధ్య కూడా అంతే. చెవికి దగ్గర, దూరం తేడా తెలిసేది ఇక్కడే. ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే, రోజూ తంబురా శ్రుతి పెట్టుకొని ఇరవై నిమిషాలు అకారంలో (స్వరాల పేర్లు లేకుండా 'ఆ' అంటూ) పాడడం మేలు.

అపోహ: మిరియాలు, తేనె తంత్రులను శుభ్రం చేస్తాయి.

వాస్తవం: మింగినది అన్నవాహికలోకి వెళుతుంది, తంత్రులు శ్వాసనాళం పైభాగాన ఉంటాయి, కాబట్టి అవి ఉపశమనం ఇస్తాయే తప్ప తంత్రులను తాకవు. బొంగురు మూడు వారాలు దాటితే చిట్కాలు ఆపి, చెవి-ముక్కు-గొంతు వైద్యునికి చూపించాలి.

అపోహ: ఆకాశవాణి ఆడిషన్‌లో నెగ్గితే ఉద్యోగం వచ్చినట్టే.

వాస్తవం: అక్కడ లభించేది గ్రేడు: బి, బి-హై, ఎ, టాప్. గ్రేడు వచ్చిన కళాకారులకు కార్యక్రమం ఇచ్చినప్పుడు పారితోషికం చెల్లిస్తారు. నెల జీతం ఉండదు. శాస్త్రీయ, లలిత, జానపద విభాగాలు వేరు కనుక, మీ సాధన ఎందులో గట్టిగా ఉందో నిజాయితీగా తేల్చుకొని దరఖాస్తు చేయాలి. చాలామంది తమకు అత్యంత ఇష్టమైన, అత్యంత కష్టమైన పాటను ఎంచుకొని తారస్థాయిలో తడబడతారు. మొదటి పంక్తిలోనే శ్రుతి నిలిచి, ళ-ల, ణ-న, శ-ష-స స్పష్టంగా పలికే పాట చాలా మంచిది. లలిత సంగీతంలో ఉచ్చారణ దోషాన్ని ఎంత మంచి స్వరమూ కప్పిపుచ్చలేదు.

అపోహ: రికార్డింగులో తప్పులన్నీ సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది.

వాస్తవం: 1997లో వచ్చిన ఆటో-ట్యూన్ వంటివి స్వరస్థానాన్ని సర్దగలవు, చాలని ఊపిరిని, నలిగిన అక్షరాన్ని, భావం లేని పంక్తిని సర్దలేవు. కోరస్, ట్రాక్ (ప్రధాన గాయకుల కోసం ముందుగా పాడి ఇచ్చే నమూనా), భక్తి గీతాల ఆల్బమ్‌ల వంటి పనికి పిలిచేవారు చూసేది, క్లిక్ (హెడ్‌ఫోన్‌లో లయ చూపే టిక్ శబ్దం) వింటూ తాళం తప్పకుండా, చెప్పిన మార్పును వెంటనే పట్టుకొని పాడగలరా అన్నదే. వయసు మీరినవారికి ఈ దారి తెరిచి ఉంటుంది, ఎందుకంటే కోరస్‌లో ముఖం కనిపించదు. కలిసి పాడే క్రమశిక్షణ కావాలి. ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టి, రెండవ చెవితో తమ గొంతు వింటూ పాడడం ఇంట్లోనే అలవాటు చేసుకోవచ్చు.

అవకాశం కోసం డెమో (నమూనా రికార్డింగు) పంపేటప్పుడు ప్రతిధ్వని కలపకుండా, తంబురా మాత్రమే వెనుక ఉంచి, రెండు నిమిషాలు మించకుండా రికార్డు చేయండి. సంస్థలు తీసుకొనే నామమాత్రపు దరఖాస్తు రుసుము వేరు. అవకాశం ఇస్తామని వేలకు వేలు ముందే అడిగేవారికి మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.