పైన్ మొక్క, మూస్ నోరు: స్వీడన్ పట్టా అడవుల కథ

దక్షిణ స్వీడన్‌లోని స్మోలండ్‌లో అడవి ఉన్న రైతును పైన్ (సూదుల్లాంటి ఆకులుండే కలప చెట్టు) ఎందుకు నాటరని అడిగితే తరచూ వచ్చే జవాబు ఒకటే: మూస్ తినేస్తుంది. మూస్ అంటే గుర్రమంత ఎత్తుండే జింక జాతి జంతువు. చలికాలంలో దానికి లేత పైన్ కొమ్మలంటే మహా ఇష్టం. చుట్టూ అందరూ స్ప్రూస్ (అదీ సూది ఆకుల కలప చెట్టే) వేసి ఒక్కరే పైన్ వేస్తే, ఆ చుట్టుపక్కల మూస్‌లన్నీ అక్కడే తేలతాయి. అడవిపందుల బెడద ఎరిగిన మన వేరుశనగ రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. భూమి తనదే, కానీ ఏం నాటాలో తానొక్కడే తేల్చుకోలేడు. ఈ చిక్కు వెనక నూరేళ్లకు పైబడిన కథ ఉంది.

అడవి అనగానే మనకు అటవీ శాఖ గుర్తొస్తుంది. స్వీడన్‌లో అలా కాదు. ఆ దేశపు నేలలో దాదాపు 70 శాతం అడవి, అందులో సుమారు సగం మామూలు కుటుంబాల ఆస్తి. తాత నుంచి మనవడికి పొలంలాగే వస్తుంది. యజమానులు 3 లక్షల మందికి పైనే. (అయినా ఆ అడవిలో ఎవరైనా నడవొచ్చు, పండ్లు కోసుకోవచ్చు. అది అక్కడి పాత ఆచారం.)

19వ శతాబ్దంలో ఉత్తరాన రంపపు మిల్లులు వెలిశాయి. కంపెనీలు రైతుల దగ్గర చెట్లు నరుక్కునే హక్కును ఏళ్ల తరబడి గడువుకు, ఒక్కోచోట 50 ఏళ్లకు, చవగ్గా రాయించుకున్నాయి. కలప విలువ రైతుకు తెలిసొచ్చేసరికి సంతకం అయిపోయింది. నరికినచోట మళ్లీ అడవి పెంచాలని 1903లో చట్టం వచ్చింది. ఉత్తరాదిలో కంపెనీలు రైతుల భూములు కొనకుండా 1906లో ఇంకొకటి వచ్చింది. మొక్క నాటించడం చట్టానికి చేతనైంది కానీ దుంగకు ధర ఇప్పించడం కాలేదు.

ఆ పనికే 1938లో దక్షిణాది యజమానులు సోద్రా అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ పేరుకు అర్థం కూడా దక్షిణం అనే. ఇంటింటికీ వచ్చి విడివిడిగా బేరమాడే వ్యాపారికి బదులు అందరి కలపకూ ఒకే బేరం. ఇదేదో చెట్ల మీద ప్రేమతో మొదలైందని కొందరు రాస్తుంటారు, నాకు నమ్మబుద్ధి కాదు. ముందొచ్చింది ధర గొడవే. నాటడం, ఒత్తుగా పెరిగిన చెట్లను పల్చన చేయడం, సలహాలు ఇవ్వడం ఆ ధరను కాపాడుకోవడానికి దాని వెంట నడిచాయి. కొనేవాడి మీద ఆధారపడటం ఎందుకని తరువాత సొంతంగా, కాగితం కోసం కలపను గుజ్జు చేసే మిల్లులే కట్టారు. మొన్‌స్టెరోస్, మోరుమ్, వారో మిల్లులు ఇప్పటికీ సంఘానివే. పేపరు మిల్లుల ధర కోసం ఏటా ఎదురుచూసే మన సుబాబుల్ రైతుకు ఇది అసూయ పుట్టించే సంగతే. అయితే 1970ల చివర్లో ఆ మిల్లుల భారమే సంఘాన్ని ముంచబోయింది. ప్రభుత్వం వాటా తీసుకుని నిలబెట్టాల్సి వచ్చింది.

1993 చట్టం చాలా నిబంధనలను ఎత్తేసి, కలప దిగుబడితో సమానంగా ప్రకృతి రక్షణనూ లక్ష్యంగా పెట్టి, ఎలా చేసుకుంటారో మీ ఇష్టం అంది. అప్పటికే దక్షిణాన ఎటు చూసినా స్ప్రూసే. బాగా పెరుగుతుంది, మిల్లు కొంటుంది, మూస్ పెద్దగా ముట్టదు. కానీ వేళ్లు లోతుకు పోవు.

2005 జనవరి 8 రాత్రి గుద్రున్ తుపాను వచ్చింది. నేల చలికి గడ్డకట్టలేదు, తడిగా ఉంది, వేళ్లకు పట్టు దొరకలేదు. దాదాపు 7.5 కోట్ల ఘనపు మీటర్ల కలప నేలకూలింది. దేశమంతటా ఒక ఏడాదిలో నరికేదానికి అది దగ్గర. బ్యూహోల్మాలో పాత విమానాశ్రయం మీద దుంగలను గుట్టగా పేర్చి, చెడిపోకుండా నీళ్లు చిమ్ముతూ ఉంచారు. పడిన చెట్టును ఎవరైనా తీయకుండా వదిలేస్తే అందులో బెరడు పురుగు పుట్టి పక్కవాళ్ల అడవిలో నిలబడి ఉన్న చెట్లను పట్టింది. 2018 కరువు తరువాత మళ్లీ అదే పురుగు విజృంభించింది.

ఆకురాల్చే చెట్లు నాటేవారికి తుపాను తరువాత ప్రభుత్వం సాయం ఇచ్చింది. అయినా ఎక్కువమంది మళ్లీ స్ప్రూసే వేశారు. కారణం పైన చెప్పిందే. మూస్‌ల సంఖ్యను ఏ ఒక్క రైతూ తగ్గించలేడు, అవి సర్వే రాళ్లు చూసి తిరగవు. అందుకే 2012 నుంచి పెద్ద పెద్ద ప్రాంతాలను ఒక్కో యూనిట్‌గా తీసుకుని, భూయజమానుల, వేటగాళ్ల ప్రతినిధులు కలిసి ఎన్ని మూస్‌లను వేటాడాలో లెక్క వేస్తున్నారు. మొక్కలు బతకాలంటే మూస్‌లు తగ్గాలని యజమానులు, వచ్చే ఏడాది వేటకు మిగలాలని వేటగాళ్లు. తీరా అక్టోబరులో వేట మొదలయ్యాక చూస్తే, తుపాకీ పట్టుకుని పొద్దున్నే అడవిలో కాపు కాసేవాళ్లలో చాలామంది ఆ అడవి యజమానులే.