అలిపిరి దగ్గర బండి నంబర్లు

అలిపిరి తనిఖీ కేంద్రం ముందు బండ్లు నత్తనడకన కదులుతుంటాయి. నంబరు ప్లేట్లు చదవడానికి తిరుపతిలో అంతకంటే మంచి చోటు నాకు తోచలేదు. పదో తరగతి చదివే మా మేనకోడలికి సంభావ్యత పాఠమంటే టెన్షన్. "సంచిలో ఎర్ర బంతులు, నీలం బంతులు ఎవరింట్లో ఉంటాయి మామా?" అని అడుగుతుంది. నిజమే కదా. అందుకే ఓ ఆదివారం నోటుపుస్తకంతో సహా తీసుకెళ్లి అక్కడ టీ బంకు దగ్గర కూర్చోబెట్టాను.

ఆట చిన్నదే. వరసగా వచ్చే 12 బండ్ల నంబర్లలో చివరి రెండంకెలు మాత్రం రాసుకోవాలి. 4507 అయితే 07. ఆ పన్నెండింటిలో ఏ రెండైనా కలుస్తాయా?

"00 నుంచి 99 దాకా నూరు నంబర్లు. బండ్లు పన్నెండే. నూటికి పన్నెండు వంతులు, అంతే" అంది. తొమ్మిదో బండికే కలిసింది. తమిళనాడు కారు, మన చిత్తూరు స్కూటరు. రెంటికీ 36. "అట్లెట్లా మామా!" అంటూ పుస్తకం నా చేతిలో పెట్టింది.

ఆమె వేసిన లెక్క వేరే ప్రశ్నకు జవాబు. నా బైకు నంబరుతో కలిసే బండి ఒకటైనా వస్తుందా అని అడిగితే అది దాదాపు సరిపోతుంది. ఒక్కో బండి కలవకపోయే అవకాశం 0.99. దాన్ని పన్నెండుసార్లు గుణిస్తే 0.886. అంటే ఒక్కటైనా కలిసే అవకాశం 11.4 శాతం. అది సగం దాటాలంటే 69 బండ్లు రావాలి. ఈలోపు ఎన్ని టీలవుతాయో!

మనం అడిగింది 'ఏ రెండైనా' అని. పన్నెండు బండ్లను రెండేసి చొప్పున జత కడితే 66 జతలు. కిటుకంతా ఆ 66లో ఉంది. కలిసే దారులన్నీ లెక్కపెట్టబోతే తల తిరుగుతుంది కాబట్టి, అసలు కలవకపోయే అవకాశం కట్టి 1లోంచి తీసేస్తాం. మొదటి బండి నంబరు ఏదైనా పరవాలేదు. రెండోది దానితో కలవకూడదంటే నూటికి 99 నంబర్లు మిగులుతాయి, మూడోదానికి 98, అట్లా పన్నెండోదానికి 89. వీటన్నిటినీ నూరేసి చేత భాగించి గుణిస్తే సుమారు 0.503. కలిసే అవకాశం 49.7 శాతం, బొమ్మా బొరుసా అన్నట్టే. ఒక్క బండి పెరిగితే 56 శాతం. 20 బండ్లయితే 87. క్లాసులో 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటయ్యే అవకాశం సగం దాటుతుందనే లెక్క కూడా ఇదే.

ఇక్కడ పాఠ్యపుస్తకం ఒక మాట అనేసి ముందుకెళ్లిపోతుంది: సమసంభవ ఘటనలు, అంటే అన్నిటికీ ఒకే అవకాశం ఉన్నవి. రోడ్డు మీద నూరు నంబర్లూ సమానంగా వస్తాయా? 9999 కోసం వేలంలో డబ్బు పోసేవాళ్లున్నారు. కూడితే తొమ్మిది రావాలనేవాళ్లు, ఎనిమిదంటే శని అని జంకేవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. ఒకే ఇంటి రెండు కార్లు ఒకే నంబరుతో ముందూ వెనకా వస్తే, గుణకారానికి కావలసిన స్వతంత్రత, అంటే ఒక బండి నంబరుకు ఇంకోదానితో సంబంధం లేకపోవడం, కూడా పోతుంది. విచిత్రమేమిటంటే ఈ మోజులన్నీ కలిసే అవకాశాన్ని పెంచేవే. ఊరంతా 99 ఎంచుకుంటే రెండో బండికే ఆట ముగిసిపోదూ?

అయిదు విడతలు ఆడాం. మూడుసార్లు కలిసింది. "అరవై శాతం వచ్చింది, నీ లెక్క తప్పు" అంది. అప్పుడు జాన్ కెరిచ్ సంగతి చెప్పాను. ఆయన దక్షిణాఫ్రికా గణితవేత్త. 1940లో జర్మన్లు డెన్మార్క్‌ను ఆక్రమించినప్పుడు అక్కడ చిక్కుకుని నిర్బంధంలో పడ్డాడు. ఏం తోచక నాణెం పదివేలసార్లు ఎగరేశాడు. మొదటి నూరింటిలో బొమ్మ 44 సార్లే పడింది. పదివేలయ్యేసరికి 5,067. మనవి అయిదంటే అయిదే.

ఆరో విడతలో పది బండ్లొచ్చినా ఒక్కటీ కలవలేదు. "ఇంతసేపు కలవలేదు కాబట్టి ఇప్పుడు కలిసి తీరాలి" అంది. పుస్తకంలో పది వేర్వేరు నంబర్లున్నాయి. పదకొండో బండి ఆ పదింటిలో ఒకటి కావాలి, అంటే నూటికి పది, అంతే. ఇంతలో జీపొకటి వచ్చింది. చివరి అంకె మీద మట్టి. దాని ముందు 4 మాత్రం కనబడుతోంది. మా జాబితాలో 41, 47 ఉన్నాయి.

"అయితే ఇప్పుడు నూటికి ఇరవై" అంది, నేనడగకముందే.